వెనక సీట్లో కాలిన మొద్దు

లక్ష్మీరాజం ఎదురింటి నర్సమ్మ చెప్పిందట. ఆ కారు ఇంటికొచ్చిన నాడు వాకిట్లో డప్పులు మోగాయట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, లక్ష్మీరాజం తల్లి, ఎనభై ఏళ్లు దాటిన ప్రమీలాదేవమ్మను ఇద్దరు మనుషులు ఎత్తి వెనక సీట్లోకి తోశారట. మోకాళ్లు గదుమకు ఆనించుకున్న ఆ ముసలామె కొమురెల్లి మల్లన్న దాకా "నన్ను కోళ్లగంపల గుమ్మిన్రురో" అని మొత్తుకుంటూనే పోయిందట. ఇంత సంబురం నడుస్తుంటే, ఆ కారు కోసం ఏడాదికి పైగా కళ్లు కాయలు కాసేలా చూసిన లక్ష్మీరాజం కొడుకు నిఖిల్ మాత్రం మేడ మీది గది దిగలేదట. "కొత్త కారొచ్చినట్టు లేదే, పీనుగొచ్చినట్టు చేసిండు పోరడు" అని నర్సమ్మ కూరగాయల మార్కెట్లో నలుగురి ముందు మూతి తిప్పిందట.

ఆ నలుగురిలో ఆబిదా తల్లి ఒకరు. విన్నది విన్నట్టు ఇంటికి మోసుకొచ్చి, చాయ్ కప్పుతో పాటు కూతురి చేతిలో పెట్టింది.

"సునో బేటా, గా నర్సమ్మ నోరు మంచిది కాదు. కానీ కండ్లు మంచియి," అన్నది అమ్మీ.

ఆబిదా చాయ్ సగంలోనే లేచింది. బీమా కంపెనీలకు అనుమానం తగిలిన కేసులను తవ్విపెట్టడం ఆమె పని. సిద్దిపేటలో కొందరు ఆమెను డిటెక్టివ్ మేడం అంటారు, కొందరు నవ్వుతూ అంటారు. ఆమె రెండింటినీ ఒకే తీరుగా వింటుంది.

గురువారం నాడు ఆ కారు కాలిపోయింది, దాని బీమా కాగితం ఆమె చేతికే వచ్చింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, ఆఫీసులకు తాళాలు, బడులు బంద్. లక్ష్మీరాజం ఫంక్షన్ హాల్ ముందర రాజీవ్ రహదారి మీద ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, ఢిల్లీకి వినిపించేలా నినాదాలిచ్చారు. అన్నం వార్చే వేళకు హాల్ ప్రహరీ లోపల నిలబెట్టిన ఆ కారు నుంచి నల్లటి పొగ లేచింది. కారుకు నిప్పు పెట్టిందని శుక్రవారం రాత్రి పోలీసులు బీడీలు చుట్టే యాదలక్ష్మిని ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. ఈరోజు పొద్దుగూకేలోగా ఆమెను మెజిస్ట్రేట్ ఇంటి ముందు నిలబెట్టాలి. ఒక్కసారి రిమాండ్ అయి సంగారెడ్డి జైలు గేటు దాటిందా, ఇక ఎన్నాళ్లో చెప్పలేం. వకీళ్లంతా సమ్మెలో ఉన్నారు. బెయిలు కాగితం ముట్టుకునే దిక్కే లేదు.

ఆబిదా స్కూటీ లక్ష్మీరాజం ఇంటి ముందు ఆగింది.

నిఖిల్ గదిలో మంచం కంటే గోడలే ఎక్కువ అలంకరించుకుని ఉన్నాయి. అన్నీ వెలెత్తి కార్ల ఫొటోలే. ఇటలీ కంపెనీ. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, గడ్డం మాసి ఉంది. కళ్లలో నిద్ర లేదు గానీ ఏడుపు జాడ కూడా లేదు. ఆబిదా ఆ సంగతి గమనించింది, కానీ బయటపడలేదు. మంచం పక్కనున్న రెండు ఫొటోల వైపు వేలు చూపించింది. రెండింట్లోనూ ఒకటే పచ్చ రంగు, ఒకటే వాలు, ఒకటే కప్ప కళ్లు.

"గీ రెండింట్ల తేడా ఏంది బాబూ? నాకైతే రెండూ ఒక్కతీర్గనే కొడుతున్నయి."

తన ఇంటి ఆడపడుచును ఎవరో అవమానించినట్టు చూశాడు నిఖిల్.

"ఒక్కతీర్గనా? ఇంజను ఒక్కటే మేడం. పానం వేరే. ఇది టూర్. ఐదు వందల బండ్లు చేసి ఆపేసిన్రు. ఏసీ ఉంటది, పాటలుంటయి, మెత్తటి తోలు సీట్లు, వెనక చిన్న సీటు. ఇది నూదో. ప్రపంచం మొత్తం మీద నూట ఇరవై. ఏసీ లేదు, పాటల్లేవు, వెనక సీటు లేదు. తలుపు తియ్యనీకి పిడి సుత లేదు, గుడ్డపట్టీ గుంజాలె. అద్దాలు సుత పలుచగ చేసిన్రు. తొంభై కిలోల బరువు దించిన్రు."

"మరి ధర సుత దిగాలె గద?"

"పెరుగుతది."

"తీసేసినందుకా?"

"పెట్టుడు ఎవ్వడన్న పెడతడు మేడం. తీసేసుడే కష్టం." అతని గొంతు వెచ్చబడింది. లేచి ఫొటో దగ్గరికి పోయి వేలితో గీత గీసి చూపించాడు. "గీడ టూర్‌కు మూత ఉంటది, నూదోకు జాలి ఉంటది. గీ రెక్క చూడుండ్రి, టూర్‌ది మడుచుకుంటది, నూదోది నిలవడి ఉంటది. మెలికల రోడ్డు మీద రెండూ పక్కపక్కన ఉరికితే టూర్ మంచిగ పోతది. నూదో అయితే… మీ ఒంట్లకెళ్లి పోతది."

"రెండింటినీ ఎన్నొద్దులు పోల్చి చూసినవ్?"

"ఎనిమిది నెల్లు. రోజూ. నడిపినోళ్లు రాసినయి చదివిన, వీడియోలు చూసిన. ముంబై పోయి టూర్ల కూసొని చూసిన. ఆఖరికి నూదో అని ఖాయం చేసి ఆర్డర్ పెట్టిన. సీటు కుట్టుకు ఏ రంగు దారం వాడాలెనో సుత నేనే చెప్పిన."

"మరి ఇంటికొచ్చింది టూర్ గద?"

వెలుగుతున్న దీపం మీద ఎవరో పళ్లెం బోర్లించినట్టయింది అతని ముఖం.

"బాపు ముంబైకి ఫోన్ కొట్టి మార్పిచ్చిండు. నాకు చెప్పలే. లారీల నుంచి దించుతుంటే గీ కిటికీలకెళ్లి చూసిన. వెనక సీటు కనవడ్డది."

"పోనీ, మళ్లొక్క నూదో కొనుక్కోరాదు?"

"ఇండియాకు మూడే ఇచ్చిన్రు. రెండు ఎప్పుడో పోయినయి. ఆఖరిది మొన్న మంగళారం పోయింది." అని టక్కున ఆగాడు. దువ్వెన తీసి అవసరం లేకపోయినా తల దువ్వుకున్నాడు.

ఆబిదా ఆ మాటను పట్టుకోలేదు. పక్కింటి పిల్లగాణ్ని పలకరించినట్టు వేరే సంగతి అడిగింది.

"తాళాలు ఎన్ని?"

"రెండు. ఒకటి బాపు మొలతాడుకు ఉంటది. ఇంకోటి… ఇంట్లనే."

"గురువారం నువ్వెక్కడున్నవ్?"

"గీడనే. నాయినమ్మను అడుగుండ్రి."

నాయినమ్మ కింద వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కారు మాట ఎత్తగానే చేట పక్కన పెట్టింది.

"అది కారా బిడ్డా? ముందటి సీటు మడిస్తేనే గని వెనకకు తొవ్వ లేదు. ఆ సీటు మడిచే మీట ఏడుందో మా లక్ష్మీరాజానికి దొరకలే. లారీతోని వచ్చినాయన సీటు కిందకెళ్లి చెయ్యి పెట్టి ఏందో నొక్కిండు, అది వంగింది. కొమురెల్లిల దిగేటప్పుడు మళ్ల గదే కత. మీట దొరకదు, నేను లోపల, నా కొడుకు బయట. పూజారి నవ్వవట్టిండు."

"నిఖిల్ గురువారం ఇంట్లనే ఉన్నడా పెద్దమ్మా?"

"మీదనే ఉన్నడు. నేను తిని పండుకున్న, లేచేసరికి కారు కాలిందని మొత్తుకుంటున్రు." చిక్కుడుకాయ టక్కున విరిచింది. "మీదనే ఉంటడు గద, ఇంకేడికి పోతడు?"

వెళ్లబోతూ ఆబిదా మెట్ల వైపు తలెత్తింది. "నిఖిల్, హాల్ కాడికి రా. కాలిన బండిని ఇంటోళ్లెవరన్న గుర్తుపట్టాలె. మీ బాపును సుత రమ్మను."

ఫంక్షన్ హాల్ గేటులో పోలీసు జీపు అడ్డంగా నిలబడి ఉంది. వెనక సీట్లో ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల మధ్య యాదలక్ష్మి. యాభై ఏళ్ల మనిషి. నుదుట రూపాయంత బొట్టు, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన వేళ్లు. పంచనామాకు తీసుకొచ్చారు. ఆబిదాను చూసి తల ఊపింది, పెళ్లింట్లో పలకరించినట్టు.

"తిన్నవా ఆబిదా?"

"నువ్వు తిన్నవా యాదక్కా?"

"పెట్టిన్రు. ఉప్పు లేదు. ఠాణాల సుత సమ్మె నడుస్తున్నట్టున్నది."

కానిస్టేబుల్ పిల్ల నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. కారు చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడి సీఐ మల్లేశం ఈ నవ్వు విన్నాడు. దుబ్బాక మనిషి. నేత కుటుంబం నుంచి చదువుకుని పైకొచ్చినవాడు. డిగ్రీలో ఆబిదా, అతను ఒకే బెంచీ. అందుకే ఒకరంటే ఒకరికి భయం లేదు, ఓర్పూ లేదు.

"బీమా పని ఏందో అది చేస్కొని పో ఆబిదా. ఫొటోలు తియ్యి, సంతకం పెట్టు. ముట్టుడు లేదు."

"ముట్టకుంట చూసుడు మనిద్దరికీ ఒకే ల్యాబుల నేర్పిన్రు మల్లేశం."

"అప్పుడు సుత నా రిజల్టు తప్పనే అంటుంటివి."

"తప్పుండె."

మల్లేశం దవడ బిగించాడు. "ఇనుమరి. గురువారం పొద్దున గీ యాదలక్ష్మి బ్రష్షు, రంగు డబ్బ పట్టుకొని గేటు కాడికొచ్చింది. కారు నంబరు మీద ఏపీ తీసి టీజీ రాస్త అన్నది. లక్ష్మీరాజం సార్ వద్దన్నడు. 'టెంట్ల కూసొని జై కొడతవు, బండి మీద రెండక్షరాలు రాయనియ్యవా? గసొంటి బండి కాలిపోనియ్యి' అన్నది. ముప్పై మంది ఇన్నరు. నా కానిస్టేబుళ్లు సుత ఇన్నరు. పగటీలికి బండి కాలింది. ఇంకేం కావాలె నీకు?"

"అన్న," జీపులోంచి యాదలక్ష్మి గొంతు వచ్చింది. "ఇప్పుడు సుత అంట. అన్నందుకు జైలైతే సిద్దిపేటల ఆడోళ్లు ఒక్కరు మిగులరు."

"సూసినవా? ఒప్పుకుంటున్నది."

"అనుడు ఒప్పుకుంటున్నది. కాలవెట్టుడు కాదు," అన్నది ఆబిదా. "ఎట్ల కాలవెట్టిందంటవ్?"

"ప్రహరీ బయటికెళ్లి పొయ్యిల కాలే మొద్దు ఇసిరింది. వెనకద్దం పలిగి లోపల పడ్డది. మొద్దు గింకా సీటు మీదనే ఉన్నది, చూస్కో."

ఆబిదా తాడు ఎత్తి లోపలికి నడిచింది. అడ్డుకోబోయిన కానిస్టేబుల్‌ను మల్లేశం కనుసైగతో ఆపాడు. ఆమె తప్పు పట్టుకోవాలని అతనికీ ఆశగానే ఉన్నట్టుంది.

కారు అనడానికి ఎముకల గూడు మిగిలింది. పచ్చ రంగు పోయి బూడిద రంగు. వెనక చిన్న సీటు స్ప్రింగుల మీద సగం కాలిన తుమ్మ మొద్దు, మనిషి తొడంత లావు. ఆబిదా దాన్ని చూసింది. చుట్టూ తిరిగింది. మోకాళ్ల మీద కూర్చుని నేల మీద పడ్డ వెనకద్దం ముక్కలను పెన్ను కొనతో ఒక్కొక్కటే తిప్పింది. ముందు సీట్ల వైపు వంగి, ఎడమ సీటు ఇనుప చట్రాన్ని చాలాసేపు చూసింది. కాలిన తోలు వాసన ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది. అయినా లేవలేదు.

గేటు బయట బైకు ఆగింది. తండ్రీకొడుకులు దిగారు. లక్ష్మీరాజం మెడలో ఉద్యమం కండువా, నుదుట ఎర్రటి తిలకం. దీక్ష టెంట్ నుంచి నేరుగా వచ్చాడు. గ్రానైటు క్వారీలు, ప్లాట్ల దందా, వచ్చే ఎన్నికల మీద కన్ను. వస్తూనే కాలిన కారును చూసి చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. నిఖిల్ దూరంగా వేపచెట్టు కింద ఆగిపోయాడు. అటు చూడనే లేదు.

"యాదక్కా, గురువారం ఏం కట్టెల మీద వండిన్రు?" ఆబిదా కూర్చున్నచోటనుంచే గట్టిగా అడిగింది.

"పత్తికట్టె. ఇంటికో మోపు తెమ్మన్న, తెచ్చిన్రు. ఏంది, ఉడకలేదంటున్రా?"

"పత్తికట్టె బొటనవేలంత ఉండది. చేతిల పట్టుకునేలోపల మండిపోతది. గీ తుమ్మ మొద్దు ఏడిది మల్లేశం?"

"మూడొందల మంది ఆడోళ్లు. ఎవతో ఒకతి తెచ్చి ఉంటది."

"వెనక్కి మర్లి చూడు."

మల్లేశం తిరిగాడు. హాల్ వంటశాల రేకుల కింద అలాంటి తుమ్మ మొద్దులే నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటిని కింది నుంచి పై దాకా చూశాడు. తర్వాత, "గాడికెళ్లే ఎత్తుకపోయిన్రు," అన్నాడు.

"గేటు కాడ గురువారం ఎవలున్నరు?"

"మా బందోబస్తు."

"ఎంతమంది ఆడోళ్లను లోపల్కి పోనిచ్చిన్రు?"

ఒక్క ఆడమనిషిని కూడా లోపలికి పోనివ్వలేదని గురువారం సాయంత్రం విలేకరుల ముందు ఛాతీ విరుచుకుని చెప్పింది అతనే.

"మొద్దు లోపలిది. ఆడోళ్లు బయట. ఇంక అద్దం సంగతి." ఆబిదా ఒక ముక్కను రుమాలుతో ఎత్తి చూపించింది. "మొద్దు తాకి పలిగితే అప్పటికి మంట లేదు, ముక్కలు మసి లేకుంట ఉండాలె. ప్రతి ముక్కకు లోపటి దిక్కు మసి పట్టి ఉన్నది. అంటే మంట లోపల మండింది, పొగ పట్టింది, ఆ సెగకు అద్దం పలిగింది. మొద్దు అద్దంలకెళ్లి రాలేదు."

"మరి గాలిల వచ్చిందా?"

"తలుపులకెళ్లి వచ్చింది. ఇగో, గిది చూడు." ఎడమ సీటు చట్రం ముందుకు వంగి, డ్యాష్‌బోర్డు ఇనుము మీద తల వాల్చుకుని ఉంది. "కుడి సీటు నిలవడి ఉన్నది. ఎడమ సీటు మడిచి ఉన్నది. గీ కారుకు వెనక తలుపుల్లేవు. వెనకకు ఏమన్న పెట్టాలంటే గీ సీటు మడవాలె. మడవాలంటే కింద మీట నొక్కాలె. తాళంతోని తలుపు తీసి, మీట నొక్కి, సీటు మడిచి, మొద్దును బిడ్డను పండవెట్టినట్టు పండవెట్టిన్రు. ఇసురుడు కాదు మల్లేశం ఇది. అమర్చుడు."

గేటు దగ్గర కానిస్టేబుళ్లు కూడా దగ్గరికి వచ్చి వింటున్నారు. మల్లేశం ముఖంలో రంగు మారింది. మామూలుగా ఇలాంటప్పుడు అతను అరుస్తాడు. ఇప్పుడు నెమ్మదిగా లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

"సార్, మీ తాళం?"

లక్ష్మీరాజం మొలతాడు తడుముకుని తాళం బయటికి తీశాడు. "రంగు లొల్లి అయినకాడికెళ్లి టెంట్లనే ఉన్న. వెయ్యి మంది చూసిన్రు. నువ్వు సుత చూసినవ్. ఆ మీట ఏడుంటదో నాకు ఇప్పటికి తెల్వదు, మా అమ్మనడుగుండ్రి."

"అడిగిన," అన్నది ఆబిదా. "మీకు తెల్వదన్నది నిజమే. ఆ కార్ల నట్టు నట్టు తెలిసినాయన మీ ఇంట్ల ఒక్కడే ఉన్నడు."

వేపచెట్టు కింద నిఖిల్ చెప్పుతో మట్టి గీస్తున్నాడు.

"అడ్డమైన మాటలనకు!" లక్ష్మీరాజం గొంతు పగిలింది. "వాని కారును వాడు కాలవెట్టుకుంటడా? ఆడోళ్లను బచాయించనీకి నా కొడుకును బలి ఇస్తవా? ఎంత తిన్నవ్ వాళ్లకాడ?"

"పత్తికట్టె మీద ఉడికిన అన్నం తిన్న, గురువారం. ఇంక ఒక్క ఫోన్ మాట్లాడనియ్యుండ్రి."

ఆమె ఫోన్ తీసి స్పీకర్ పెట్టి, కాలిన కారు కప్పు మీద ఉంచింది. ముంబై డీలర్ నంబరు. ఆ షోరూం కుర్రాడితో హిందీలో మాట్లాడింది. మల్లేశానికి, లక్ష్మీరాజానికి కూడా ప్రతి మాటా అర్థమయ్యే హిందీయే.

"వెలెత్తి నూదో ఒకటి కావాలి. సిద్దిపేట నుంచి మాట్లాడుతున్నా."

అవతల నవ్వు. "సిద్దిపేటా? మీ ఊరి నీళ్లలో ఏముంది మేడం? సారీ, ఆఖరి నూదో కూడా మీ ఊరికే పోయింది. మంగళవారం బుక్ చేశారు. నిఖిల్ గారని, మీకు తెలిసే ఉంటారు."

"ఆయన దగ్గర టూర్ ఉంది కదా?"

"ఉంది. ఈ వారంలో దాన్ని వదిలించుకుంటాను, బీమా సొమ్ము రాగానే మిగతాది కడతానన్నారు. టూర్ కావాలంటే చెప్పండి మేడం, అది ఒకటి తెప్పించగలను. ఏసీ ఉంటుంది."

"వద్దు భాయ్‌సాబ్. షుక్రియా."

ఫోన్ ఆపేసింది. రహదారి మీద ఒక్క లారీ కూడా లేదు. దూరంగా దీక్ష టెంట్ మైకులో ఎవరో ఉపన్యాసం దంచుతున్నారు.

"మంగళారం," అన్నాడు మల్లేశం తనలో తాను. "బండి కాలింది గురువారం. కాలకముందే బీమా పైసల లెక్క చెప్పిండు."

నిఖిల్ తలెత్తాడు. ఇక దాచడం అతనికి కూడా బరువైపోయినట్టుంది.

"అది నా కారు కాదు. ఎవ్వలన్న నడుగుండ్రి, నేను ఆర్డర్ పెట్టింది అది కాదు. ఎనిమిది నెల్లు చూసి చూసి ఒక్కటి కోరుకున్న. గా ఒక్కటి సుత మార్చిండు. ఇంజనీరింగ్ మార్చిండు, కాలేజీ మార్చిండు, కారు సుత మార్చిండు!"

"ఏసీ లేదన్నర్రా! అమ్మకు సీటు లేదన్నరు!" లక్ష్మీరాజం నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అన్ని పీకేసి ఎక్కువ ధర చెప్తుంటే, మోసపోతున్నవని మంచిది ఇప్పిచ్చిన. మంచిది ఇప్పిస్తే కాలవెడతవారా?"

"కాలింది ఇనుమే గద బాపూ! ఒక్కరికన్న దెబ్బ తాకిందా? వెనక గేటు తాళం తీసి పోయిన. ఇంత లొల్లిల ఎవ్వలు చేసిన్రో ఎవ్వలకు తెలుస్తదనుకున్న. యాదక్కను పట్టుకపోతరని నాకు తెల్వదు."

"శుక్రవారం రాత్రి తెలిసింది గద," అన్నది ఆబిదా. "ఈ పగటి దాకా మీద రూంలనే ఉన్నవ్."

నిఖిల్ చెప్పుతో గీసిన మట్టినే మళ్లీ చెరిపాడు.

లక్ష్మీరాజం ఎంతైనా రాజకీయం నేర్చినవాడు. కండువా సర్దుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. రెండు అడుగులు వేసి మల్లేశం, ఆబిదా ఇద్దరికీ మధ్యలో నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఇగ ఇనుండ్రి. అయ్యిందేదో అయ్యింది. ఉద్యమం మీద మచ్చ వద్దు, నా ఇంటి మీద మచ్చ వద్దు, మల్లేశం సార్ నౌకరి మీద మచ్చ వద్దు. వైరింగ్ షార్టయి కాలిందని రాస్కుందాం. ఆబిదమ్మా, నువ్వు గదే రాయి. నేను బీమా అడుగ, కాగితం వాపస్ తీస్కుంట. యాదలక్ష్మిని ఇప్పుడే వదిలేస్తరు, గంటల ఇంట్ల ఉంటది. పంచాది ఖతం."

మల్లేశం వెంటనే కాదనలేదు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. మూడు వందల మందిని చూసి ఒకరిని ఎంచుకున్నది అతనే. రేపు ఇది పేపర్లోకి ఎక్కితే ఊరు ఊరంతా ఠాణా ముందు పొయ్యి పెడుతుంది.

"అదే అందరికీ మంచిది ఆబిదా," అన్నాడు, బెంచీ మీద జవాబు అడిగినంత నెమ్మదిగా. "ఆమె ఇంటికి పోతది. నువ్వొచ్చింది గందుకే గద?"

ఆబిదా పెన్ను మూత తీసి ఉంది. నిజమే, ఆమె వచ్చింది అందుకే. నాలుగు ముక్కలు రాస్తే యాదలక్ష్మి ఈ రాత్రి తన ఇంట్లో ఉప్పేసిన అన్నం తింటుంది. రాయకపోతే మల్లేశం మొండికేస్తాడు, మెజిస్ట్రేట్ ఎదుట మొదట రాసిన కాగితమే పెడతాడు. ఇంత నిజం తేల్చి కూడా ఆమెను సంగారెడ్డికి సాగనంపినట్టవుతుంది. పెన్ను పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం కిందికి దిగింది.

మళ్లీ మూత పెట్టింది.

"రాత్రి ఠాణాల పండుకున్నది నేను కాదు. నేనెట్ల చెప్త? ఆమెనే అడుగుండ్రి."

అందరూ జీపు వైపు తిరిగారు. లక్ష్మీరాజం చేతులు జోడించుకుంటూ దాని దగ్గరికి నడిచాడు. ముఖం మీద ఓట్ల నాటి నవ్వు తెచ్చుకున్నాడు.

"యాదక్కా, ఇన్నవు గద. పిల్లగాడు, తెలువక చేసిండు. కేసు లేదు, ఏం లేదు. దిగు. నా బండిల ఇంటికాడ దింపుత. ఇంగ అందరం ఒక్కటే గద, తెలంగాణోళ్లం."

కానిస్టేబుల్ పిల్ల దారి ఇవ్వడానికి ముందుకు జరిగింది. యాదలక్ష్మి మాత్రం కాలు కింద పెట్టలేదు. కొంగు నడుముకు దోపి, సీట్లో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

"నిన్న వాడకట్టంత చూస్తుండంగ రెక్క వట్టి గుంజి ఈ జీపెక్కిచ్చిన్రు. నేను దిగ. నీ కొడుకును ఎక్కియ్యి, జరిగి జాగ ఇస్త."